ఓడ బాల్కనీలు తుడిచిన తాతాజీ

మా పక్క ఫ్లాట్ తాతాజీ తన ఇంటి తలుపు తనే తట్టేవాడు. మూడుసార్లు తట్టి, కాస్త ఆగి, అప్పుడు తాళం తీసేవాడు. లోపల ఎవరూ ఉండరు. ఆ సంగతి అతనికీ తెలుసు, మా మూడో అంతస్తులో అందరికీ తెలుసు.

మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నేను చేటలో కందిపప్పు పోసుకుని బాగుచేస్తున్నాను. మా తలుపేమో అనుకుని లేచి వెళ్లి చూశాను. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో కూరల సంచి. మూసి ఉన్న తలుపు ముందు, లోపలి నుంచి ఎవరో రమ్మంటారన్నట్టు వినయంగా నిలబడి ఉన్నాడు.

"లోపల ఎవరున్నారు నాయనా?" అన్నాను.

"ఎవరూ లేరండి అమ్మగారూ."

"మరి ఎవర్ని పిలుస్తున్నావు?"

అతను సిగ్గుపడ్డాడు. "అలవాటండి. పదిహేడేళ్లు ఓడలో క్యాబిన్లు సర్దానండి. తట్టకుండా తలుపు తియ్యాలంటే చెయ్యి ఒప్పుకోదండి."

ఓడ అనే మాట నా చెవిన పడ్డాక ఇంక నన్ను ఆపేవాళ్లెవరు? మా అత్తగారు బతికున్న రోజుల్లో, "శేషారత్నాన్ని పెళ్లికి పంపితే పెళ్లికొడుకు తాత గోత్రం దాకా కనుక్కొస్తుంది" అనేది. నా చదువు తాడేపల్లిగూడెంలో ఐదో తరగతితో ఆగిపోయింది గాని, అడగడం మాత్రం ఆగలేదు. ఆ పూటే అతన్ని కాఫీకి పిలిచాను. వచ్చాడు. మా గడప అవతలే నిలబడి, గ్లాసు అక్కడే అందుకుని, అక్కడే తాగి, కడిగి ఇస్తానన్నాడు.

"లోపలికి రావయ్యా, కూర్చో."

"పర్లేదండి."

"మా ఇంట్లో కూర్చుంటే తప్పేంటి?"

"తప్పని కాదండి. ఇంకోళ్ల గదిలో కూర్చుంటే ఉద్యోగం పోయేదండి. ఇప్పుడు ఉద్యోగం లేకపోయినా మోకాళ్లు వంగటంలేదండి."

నాకు మొదట కోపం వచ్చింది. గర్వమేమో అనుకున్నాను. తరవాత తెలిసింది, ఏ ఇంట్లోనూ కూర్చోడని. కింద వాచ్‌మన్ గదిలో కూడా నిలబడే మాట్లాడతాడట.

అతనిది పెదపాడు అవతల కొల్లేటి లంక. నాలుగు వైపులా నీళ్లు, ఆ నీళ్ల మధ్య ఇల్లు. సర్కారువాళ్లు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేయించిన ఏడాది వాళ్ల చెరువు కూడా పోయింది. తండ్రి ఆ దిగులుతోనే మంచం పట్టాడు. తాతాజీ తాడేపల్లిగూడెం వచ్చి, హోటలు గదులు సర్దే కోర్సు ఆరు నెలలు చదివి, ముంబై వెళ్లి ఓడ ఎక్కాడు. విహారానికి తిరిగే ఓడ. మన ఏలూరు పవర్‌పేట అంతా ఎత్తి నీళ్ల మీద పెడితే ఎంత ఉంటుందో అంతట. తొమ్మిది నెలలు సముద్రం, రెండు నెలలు ఇల్లు. ఆ రెండు నెలల్లో సంబంధాలు చూసేవారు. పిల్ల వాళ్లు ఆలోచించుకుని ఔననేసరికి ఇతను మళ్లీ ఓడలో ఉండేవాడు. అలా నాలుగైదు సంబంధాలు వెనక్కి పోయాయి. తరవాత తల్లిదండ్రులు పోయారు. ఇక అడిగేవాళ్లు లేరు.

ఇవన్నీ ఒక్కరోజున చెప్పలేదు. ఇంట్లో కూర్చోని మనిషి దగ్గర ఇన్ని సంగతులు ఎక్కడ లాగావని మా కోడలు ఇందుజ ఆశ్చర్యపోయేది. బాల్కనీలో లాగాను. మా బాల్కనీ, అతని బాల్కనీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఒక గోడ. గోడ రెయిలింగు దాకా రాకుండా జానెడు ముందే ఆగిపోతుంది. ఆ సందులోంచి తల వంచి చూస్తే అవతల మనిషి కనిపిస్తాడు. ఎదురుగా తమ్మిలేరు గట్టు. ఏరంటే పేరుకే గాని, ఏడాదిలో తొమ్మిది నెలలు ఇసకా, గుర్రపుడెక్కా. సాయంత్రం పూట కొల్లేటి వైపు పోయే పక్షులు మాత్రం వరసలు వరసలుగా మా నెత్తిమీద నుంచే పోతాయి.

ఆ బాల్కనీలో అతనికి ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చునేవాడు! నేను చూసిన ఒకే ఒక్క కుర్చీ అది, తాతాజీ కూర్చున్నది.

"ఇక్కడ మోకాళ్లు వంగాయే?" అన్నాను ఒకరోజు సందులోంచి.

నవ్వాడు. "ఈ ఫ్లాట్ కొన్నదే దీని కోసమండి పిన్నిగారూ." అమ్మగారూ అనొద్దని నేనే పిన్నిగారిని చేశాను. "ఓడలో నా వాటాకి పద్దెనిమిది క్యాబిన్లండి. పద్దెనిమిదికీ బాల్కనీలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడవాలి. సముద్రపు ఉప్పు రెయిలింగుల మీద పిండిలా కట్టేస్తుందండి. వెనిగర్ నీళ్లతో తుడిచి, కుర్చీలు సర్ది, పక్క బాల్కనీకి పోవడమే. పదిహేడేళ్లలో ఒక్క కుర్చీలోనూ కూర్చోలేదండి."

"మరి నీ గదికి?"

"నా గదికి కిటికీయే లేదండి. మా గదులు నీటి మట్టానికి కిందుంటాయి. నలుగురం, బంకు మంచాలు. లైటు ఆర్పితే కళ్లు తెరిచినా మూసినా ఒకటేనండి. గోడకి చెవి పెడితే అవతల సముద్రం వినిపించేది. కనిపించేది కాదు."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఫిర్యాదు లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

నేను ఏదైనా చేసినప్పుడు గిన్నెలో పెట్టి ఆ సందులోంచే అందించేదాన్ని. దోసావకాయ, గుమ్మడి వడియాల పులుసు, పొట్లకాయ పెరుగుపచ్చడి. పెట్టిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా మనకి? ఒంటి మనిషి, అన్నం వండుకుని కూర తెచ్చుకునేవాడు, ఏం పెట్టి ఇస్తాడు? చేతి తువ్వాలు ఒకటి మడతలు పెట్టి, మెలితిప్పి, పక్షిని చేసి గిన్నెలో పెట్టి ఇచ్చేవాడు. ఓడలో మంచాల మీద అలా చేసి పెట్టాలట. ఏనుగులు, కోతులు, హంసలు.

"ఇది హంసా?" అన్నాను.

"వాళ్లు హంస అనుకునేవారండి. నేను చేసింది మన గూడబాతునండి. ముక్కు చూడండి, ఎంత పొడుగో."

నిజమే, ముక్కు కింద సంచి కూడా ఉంది. పదిహేడేళ్లు దేశదేశాల వాళ్ల మంచాల మీద కొల్లేటి గూడబాతుల్ని కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు.

ఇలా ఉండగా పోయిన వేసవి ముందు బాల్కనీల గొడవ లేచింది.

మా అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ అనంతరామయ్యగారు. రిటైరైన లెక్కల మాస్టారు. పావురాలు, దోమలు, గట్టు మీది దుమ్ము, ఈ మూడింటినీ ఒక్క దెబ్బతో వదిలించడానికి ఆయన ఒక ఉపాయం చెప్పారు. అన్ని ఫ్లాట్ల బాల్కనీలకీ అల్యూమినియం ఫ్రేములు బిగించి అద్దాలు వేసెయ్యడం. వేస్తే అందరూ ఒకేలా వెయ్యాలి, లేకపోతే ఎవరూ వెయ్యకూడదు. ఒకరు కాదన్నా ఆగిపోతుంది. అది ఆయన పెట్టిన నియమం.

రెండో అంతస్తు సుగుణ మొదటి నుంచీ ఎదురు. ఆమె అప్పడాలు, వడియాలు చేసి అమ్ముతుంది. ఎండ లేకపోతే ఆమె పని లేదు. ఇంకొందరు అటూ ఇటూ ఊగుతున్నారు. మా ఇంట్లో ఇందుజ అద్దాలే కావాలంది. నాకూ మనసులో అదే ఉంది. అద్దాలు వేస్తే బాల్కనీ ఒక చిన్న గదవుతుంది, నా దేవుడి మందిరం అక్కడికి జరపొచ్చు, పావురాల రెట్టలు కడిగే బాధ తప్పుతుంది. నిజం చెప్పాలి కదా, తాతాజీ కుర్చీ ఆ లెక్కలో నాకు గుర్తు రాలేదు.

మీటింగు ఆదివారం. శనివారం సాయంత్రం సందులోంచి అతన్ని అడిగాను.

"ఏం తాతాజీ, అన్ని ఓడల బాల్కనీలు చూసినవాడివి. అద్దాల సంగతి నువ్వేమంటావు?"

అతను కాసేపు గట్టు వైపు చూశాడు. "కొత్త ఓడల్లో బాల్కనీలు తీసేస్తున్నారండి పిన్నిగారూ."

"తీసేసి ఏం చేస్తున్నారు?"

"గదినే ఓడ అంచుదాకా జరిపేశారండి. ఎదురుగా నిలువెత్తు అద్దం. బటన్ నొక్కితే పై సగం కిందికి దిగుతుంది, కారు అద్దంలాగ. గాలొస్తుంది. అదే బాల్కనీ అనుకోమంటారు. నా ఆఖరి మూడేళ్లూ అలాంటి ఓడలోనేనండి."

"భలే ఉందే! జనం ఏమన్నారు?"

"జనం రెండుగా చీలిపోయారండి. కుర్రజంటలు గది పెద్దదైందని సంబరపడ్డారు. చలిదేశాల వాళ్లు దుప్పటి కప్పుకుని మంచం మీంచే సముద్రం చూడొచ్చని మెచ్చుకున్నారు. ఒక ముసలాయన మాత్రం రిసెప్షన్‌కి దిగొచ్చి, నేను బాల్కనీ అడిగితే నాకు కిటికీ ఇచ్చారేంటని కేకలేశాడు. గాలి ఎక్కువైతే కెప్టెన్ అందరి అద్దాలూ తనున్న చోటి నుంచే మూసేస్తాడు. మన గది అద్దం మన చేతిలో లేకపోతే ఎలా అని ఇంకొందరి గోల."

"మరి మీ పనివాళ్లు?"

"మాకు సుఖమేనండి. ఉప్పు తుడవక్కర్లేదు, కుర్చీలు మొయ్యక్కర్లేదు. గదికి పది నిమిషాలు మిగిలేది. కంపెనీ వాళ్లు మాకూ కాగితాలిచ్చి అభిప్రాయం రాయమన్నారు. అందరూ బాగుందనే పెట్టారు. నేనూ బాగుందనే పెట్టానండి."

"అదీ మాట! అంత పెద్ద ఓడల వాళ్లే అద్దాలు పెట్టుకుంటుంటే మనమెంత!"

"కాకపోతే పిన్నిగారూ, ఒక సంగతుందండి. ఆ ఓడలో ఒక పెద్దావిడ..."

లోపల కుక్కరు నాలుగో కూత వేసింది. ఇందుజ ఇంట్లో లేదు. "ఉండు ఉండు, పప్పు మాడిపోద్ది, రేపు చెబుదువుగాని" అని నేను లోపలికి పరిగెత్తాను.

రేపు మీటింగు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కాని నాకు కావలసిన సగం నా చేతికి దొరికింది, మిగతా సగం ఎందుకు?

మర్నాడు కింద కార్లు పెట్టే చోట కుర్చీలు వేశారు. తాతాజీ మామూలుగానే వెనక స్తంభం పక్కన నిలబడ్డాడు. సుగుణ గట్టిగానే మాట్లాడింది. "మీకు దోమలు కుడితే దోమతెర కట్టుకోండి మాస్టారూ, నా అప్పడాలకి సూర్యుణ్ణి మూసేస్తానంటే ఎలాగండీ?"

"మేడ మీద ఆరబెట్టుకోవచ్చు కదమ్మా" అన్నారాయన.

"మేడ మీద మీ కోతులున్నాయి కదండీ."

"కోతులు నావి కాదమ్మా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో సుగుణ వైపు కొంచెం మొగ్గు కనిపించింది. నాకు భయమేసి లేచాను.

"ఏవండీ మాస్టారూ, మనం ఇక్కడ దోమల గురించి కొట్టుకుంటున్నాం గాని, ప్రపంచం ఎటు పోతోందో చూశారా? సముద్రాల మీద తిరిగే ఓడల్లోనే బాల్కనీలు తీసేసి అద్దాలు పెట్టేశారట! గది పెద్దదవుతుంది, తుడుపు తప్పుతుంది. నా మాట కాదు, మన తాతాజీ పదిహేడేళ్లు ఆ పని చేసినవాడు, తను కూడా బాగుందనే కాగితం మీద రాసిచ్చాడు. అడగండి కావాలంటే!"

అందరూ వెనక్కి తిరిగారు.

"అవునాండీ తాతాజీగారూ?" అన్నారు అనంతరామయ్యగారు.

అతను నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టు ఉంది, అడగడం రానివాడు అడిగినట్టు. నేను తల ఊపి, చెప్పు చెప్పు అని సైగ చేశాను.

"అవునండి" అన్నాడు. "సౌకర్యమేనండి."

"అయితే మీకు సమ్మతమేనా?"

"అలాగేనండి."

సంతకం పెట్టాడు. ఓడలో పనిచేసినాయనే పెడితే మనదేముందని ఊగేవాళ్లు కూడా పెట్టారు. చివరికి సుగుణ కూడా, "సరే, కోతులతో బేరం పెట్టుకుంటాను" అని పెట్టింది. నేను గెలిచినట్టు మెట్లెక్కాను.

పది రోజుల్లో ఫ్రేములు బిగించారు. గోడకీ రెయిలింగుకీ మధ్య ఉన్న ఆ జానెడు సందు కూడా పావురం దూరకుండా అల్యూమినియం పట్టీ పెట్టి మూసేశారు. అద్దాలు పక్కకి జరుగుతాయి గాని, ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. ఆ సగం కూడా పక్క ఫ్లాటుకి దూరంగా ఉన్న సగం. తల బయట పెట్టి చూసినా అతని బాల్కనీ కనపడదు, అద్దంలో నా మొహమే కనపడుతుంది.

మందిరం జరిపాను. బాగుందన్నారు చూసినవాళ్లు. కొత్త కదా, నాకూ కొన్నాళ్లు బాగుంది. పావురాల గోల లేదు, దుమ్ము లేదు. గట్టు మీద పోయే సైకిలు బెల్లు కూడా లేదు. సాయంత్రం పక్షులు పోతూనే ఉంటాయి, రెక్కల చప్పుడు మాత్రం వినపడదు. గిన్నె ఇవ్వాలంటే తలుపు తట్టి ఇవ్వాలి. తట్టి ఇస్తే గడప దగ్గర అందుకుని, దండం పెట్టి, తలుపేసుకునేవాడు. తలుపు దగ్గర నిలబడి ఏం మాట్లాడతాం? సందులోంచి అడిగినవి గడప దగ్గర అడగలేం. అడిగినా అతను "బాగానే ఉందండి" అనేవాడు. గిన్నెలో గూడబాతు మాత్రం వచ్చేది.

తరవాత తరవాత నేనూ తగ్గించాను. ఇందుజ తమ్ముడి పెళ్లి వచ్చింది, తాడేపల్లిగూడెం వెళ్లి పదిహేను రోజులున్నాను. వచ్చాక మోకాలి నొప్పి. రోజూ రెండు పూటలా ఆ మూడు దెబ్బలు వినపడేవి. బతికే ఉన్నాడు కదా అనుకునేదాన్ని. ఒక మనిషి గురించి అంతకంటే ఎక్కువ తెలియకుండా మూడు నెలలు గడిపాను, నేను!

శ్రావణంలో వానలు పడ్డాయి. తమ్మిలేరు ఎర్రగా పారింది. ఏటి నీళ్లు చూస్తే ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది కదా? అద్దం జరిపి, "తాతాజీ, ఏరొచ్చింది చూశావా?" అని కేకేశాను. నా కేక నా గదిలోనే తిరిగింది. ఇందుజ వంటింట్లోంచి, "ఎవరితోనండీ అత్తయ్యగారూ?" అంది.

ఆ వారంలోనే మా తలుపు మూడుసార్లు చప్పుడైంది. తీశాను. తాతాజీ. ఇస్త్రీ చొక్కా, పక్కన చక్రాల పెట్టె. నా గిన్నె ఒకటి చేతిలో ఉంది, అందులో గూడబాతు ఉంది.

"వెళ్తున్నానండి పిన్నిగారూ. చెప్పి వెళ్దామని."

"ఎక్కడికి? మళ్లీ ఓడకా?"

"లేదండి. మా లంక వైపే. మా చిన్నాన్న కొడుకు చేపల చెరువు చూస్తున్నాడు. కాపలాకి మనిషి కావాలన్నాడు. ఫ్లాటు ఎవరికన్నా అద్దెకిస్తానండి."

"సొంత ఫ్లాటు పెట్టుకుని గట్టు మీద కాపలా ఏంటయ్యా? ఇక్కడేం తక్కువైంది?"

అతను గిన్నె అందించాడు. నేను అందుకోలేదు. అందుకుంటే వెళ్లిపోతాడు కదా.

"ఆ రోజు ఒక పెద్దావిడ సంగతి చెప్పబోయానండి" అన్నాడు. "మీకు కుక్కరు కూసింది."

"చెప్పు. ఇప్పుడు చెప్పు."

నిలబడే చెప్పాడు. ఆ పెద్దావిడది ఏదో చలిదేశం. భర్త పోయాక ఏటా ఒంటరిగా ఓడెక్కేది. పాత ఓడలో ఎనిమిదో అంతస్తు, బాల్కనీ గది. రెండు బాల్కనీల మధ్య తడక లాంటి అడ్డు ఉండేదట. దాని అంచున తల వంచి, పక్క గదివాళ్లు ఎవరైతే వాళ్లతో పొద్దున టీ కప్పు పట్టుకుని మాట్లాడేది. ఓడ దిగేలోగా వాళ్లు చుట్టాలైపోయేవారు. ఆ అడ్డు తెరిచే తాళంచెవి తాతాజీ దగ్గరుండేది. ఇరుపక్కలా అడిగితే తెరిచి ఇచ్చేవాడు. ఆ తాళంచెవి తిప్పడమంటే అతనికి ఇష్టమట.

"తరవాత ఏడాది కొత్త ఓడకి వచ్చారండి. బటన్ నొక్కి అద్దం దించి, తల బయట పెట్టి అటూ ఇటూ చూశారు. అటూ ఇటూ అద్దాలేనండి. పక్క గదిలో ఎవరున్నారని నన్నడిగారు. చెప్పకూడదండి, రూలు. పోనీ నువ్వు ఐదు నిమిషాలు కూర్చోమన్నారు. కూర్చోకూడదండి. రోజూ అడిగేవారు. రోజూ నిలబడే ఐదు నిమిషాలు విన్నానండి. ఆ గదికి మిగిలిన పది నిమిషాల్లో ఐదు అలా పోయేవి. మరుసటి ఏడు ఆవిడ రాలేదు."

"ఆవిడకేమైంది?" అన్నాను.

"ఏమయ్యారో తెలీదండి. ఆవిడ ఓడ దిగిన రోజునే కంపెనీవాళ్లు నాకు అభిప్రాయం కాగితం ఇచ్చారు. సూపర్‌వైజరు పక్కనే ఉన్నాడు. బాగుందని పెట్టానండి." పక్కనున్న పెట్టె పిడి పట్టుకుని, "అప్పుడే అనుకున్నాను, ఊరెళ్తే గోడ పక్కన మనిషి వినపడే బాల్కనీ కొనుక్కోవాలని" అన్నాడు.

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు నాయనా? ఒక్క మాట కాదంటే ఆగిపోయేది కదా!"

"మీరు నలుగుర్లో నా పేరు చెప్పి మాట్లాడారు కదండీ. మీ మాట అబద్ధమని నేనెలా అంటానండి?"

అంతే. గిన్నె నా చేతిలో పెట్టి, దండం పెట్టి, పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాడు. చక్రాలున్న పెట్టెని దొర్లించకుండా ఎత్తుకున్నాడు, చప్పుడవుతుందని.

మళ్లీ సంఘం మీటింగులో నేను లేచి సంగతంతా చెప్పాను. అబద్ధం కాదు, సగం చెప్పానని ఒప్పుకున్నాను. అనంతరామయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇప్పుడేం చేస్తామమ్మా, బిగించినవి పీకలేం కదా" అన్నారు. సుగుణ మాత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, "అన్నీ అడుగుతారు పిన్నిగారూ, ఆ ఒక్కటీ అడక్కపోయారా" అంది. ఆమె ఎత్తిపొడిచింది గాని, అబద్ధం చెప్పలేదు.

కార్తీకం వచ్చింది. ఉసిరికాయ పచ్చడి పెట్టి, ఆ గిన్నెలోనే నింపుకుని, ఇందుజని తోడు తీసుకుని పెదపాడు మీదుగా ఆటోలో వెళ్లాను. పొలాలు అయిపోయాక ఇక చెరువులే. ఆటో గట్టు మొదట్లో ఆగిపోయింది. ఇందుజ చెప్పులు బురదవుతాయని ఆటోలోనే ఉండిపోయింది. నేను గట్టు మీద నడుచుకుంటూ పోయాను.

కర్రల మీద నిలబెట్టిన కాపలా పాక. పైన తాటాకు, చుట్టూ గోడల్లేవు. లోపల మేత బస్తాలు, ఒక మంచం, ఒక కుర్చీ. బాల్కనీలోని కుర్చీయే. ముందు చెరువు, చెరువు వెనక చెరువు, చూపు ఆనేదాకా నీళ్లు. ఎక్కడో ఇంజను కొట్టుకుంటోంది. మనిషి జాడ అతనొక్కడే.

"పిన్నిగారూ!" అని ఎదురొచ్చాడు. చొక్కా ఇస్త్రీదే. "కూర్చోండి, కూర్చోండి" అని కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు.

"నువ్వు కూర్చో."

"మీరుండగానాండి?"

"ఇది నీ పాక. నేను నీ ఇంటికొచ్చిన దాన్ని."

"అందుకేనండి, మీరే కూర్చోవాలి."

మంచం మీద కూర్చోమంటే దాని మీద వలలు ఉన్నాయన్నాడు. ఇద్దరం ఆ కుర్చీకి చెరో పక్కన నిలబడ్డాం. నా మోకాలు సలుపుతోంది. నేను కూర్చుంటే అతను నిలబడి వింటాడు, ఆ ఐదు నిమిషాల పెద్దావిడ దగ్గర నిలబడ్డట్టు. అందుకని కూర్చోలేదు.

"ఇక్కడ ఎవరన్నా వస్తారా?" అన్నాను.

"మేత లారీ వస్తుందండి, వారానికి రెండుసార్లు."

"మాట్లాడతారా?"

"తొందరలో ఉంటారండి." చెరువు మీదికి చెయ్యి చూపించి, "గాలి మాత్రం బావుంటుందండి" అన్నాడు.

చెప్పాలనుకున్న మాటలు ఆటోలో వరసగా పేర్చుకుని వచ్చాను. ఒక్కటీ వరసలో రాలేదు. "తప్పు నాదే తాతాజీ" అన్నాను.

"అలా అనకండి" అన్నాడు. ఓడలో నేర్పిన మాటేమో అనిపించింది, అంత తొందరగా అన్నాడు. తరవాత నీళ్ల వైపు చూస్తూ, "మీరు రేపు చెబుదువుగాని అన్నారు కదండీ, ఆ రాత్రి నేను ఆ సంగతి ఎలా చెప్పాలా అని మూడుసార్లు అనుకుని చూసుకున్నానండి" అన్నాడు.

గట్టు మొదట్లో ఆటో హారన్ మోగింది. అతను పచ్చడి వేరే డబ్బాలోకి తీసుకుని, నా గిన్నె చెరువు నీళ్లతో కడిగి, భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టడం మొదలెట్టాడు. వెయ్యిసార్లు చేసిన చేతులు, కాని ఆరోజు మెల్లగా చేశాడు. నేనూ తొందరపెట్టలేదు. హారన్ ఇంకోసారి మోగింది. చెరువు అవతల నిజం గూడబాతులు నాలుగు దిగాయి.

"ఇక్కడ చెయ్యడం కష్టమండి" అన్నాడు. "అసలువి చూస్తుంటాయి."

నవ్వాను. అతనూ నవ్వాడు. మెడ సరిచేసి, గిన్నెలో కూర్చోబెట్టి నా చేతికిచ్చాడు. గట్టు మలుపు తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగానే ఉంది. అతను దాని పక్కన నిలబడి ఉన్నాడు.